క్లౌ దొర తెలుగు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

వర్షాకాలంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి, అందరితో కరచాలనం చేస్తూ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాము. కొత్తగా వస్తున్న ఒక విదేశీ సోదరి మా చేతిలో ఒక కాగితం పెట్టారు. ఉద్యోగరీత్యా రెండేళ్లపాటు పటాన్‌చెరు దగ్గర ఉండటానికి వచ్చారావిడ. 1972లో ఇక్రిశాట్ వచ్చినప్పటి నుండి మా ప్రాంతానికి విదేశీయులు కొత్తేమీ కాదు, వాళ్లను చూసి పిల్లలు వెంటపడే రోజులు ఎప్పుడో పోయాయి. ఆ కాగితంలో రెండు వరుసలున్నాయి. ఒక వరుసలో ప్రయాణాలు: మెదక్ చర్చి, కొండాపూర్ మ్యూజియం, మంజీరా నది పక్షులు, సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలు, కుదిరితే బీదర్. రెండో వరుసలో భాష: మొదటి నెల అక్షరాలు, రెండో నెల గుణింతాలు, మూడో నెల చిన్న చిన్న వాక్యాలు, ఆరో నెలకు తెలుగు బైబిలు చదవడం. మంచి తెలుగు మాట్లాడే ఒక ఉపాధ్యాయుణ్ని చూపించమని అడిగారు.

మంచి తెలుగు అంటే ఏది? ఆ ప్రశ్న దగ్గరే మేము ఆగిపోయాము. మా సంఘంలో సగం మంది ఒంగోలు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల నుండి ఫ్యాక్టరీ పనులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు. మిగతావాళ్లలో ఎక్కువమంది జోగిపేట, నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు వాళ్లు. ఒకరు వస్తాండు అంటే మరొకరు వస్తా ఉండాడు అంటారు. ప్రసంగ వేదిక మీద మేము మాట్లాడే తెలుగు ఈ ఇద్దరిదీ కాదు, సెమినరీలో నేర్చుకున్నది. ఎవరినో ఒకరిని చూపిస్తామని మాటిచ్చి ఇంటికొచ్చాము కానీ మనసు మాత్రం నూట అరవై ఏళ్ల వెనక్కి, ఇలాంటి కాగితమే పట్టుకుని నెల్లూరులో దిగిన ఒక అమెరికా కుర్రవాడి దగ్గరికి వెళ్లింది.

2016 దాకా మెదక్ జిల్లాగా ఉన్న ఈ గడ్డ మీద కూర్చుని పాస్నెట్ గారిని వదిలి ఒంగోలు మిషనరీని ఎందుకు తలచుకున్నారని మా పాత విశ్వాసులు నిలదీయవచ్చు. చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికిందరాబాదు వచ్చి, బ్రిటీషు సైనికుల మధ్య పరిచర్యతో తృప్తిపడక, రెండు రోజుల గుర్రపు ప్రయాణం చేసి మెదక్ చేరిన సంగతి, ఆయన కట్టించిన మహా దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన సంగతి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. అది వేరే వారం చెప్పుకోవలసిన కథ. భాష విషయంలో మాత్రం మాకు గుర్తొచ్చింది జాన్ ఎవరెట్ క్లౌ. మా సంఘంలోని ఒంగోలు అవ్వలు ఇప్పటికీ క్లౌ దొర అనే అంటారు.

దొర అనే మాట మాకు ఎప్పుడూ కొంచెం గుచ్చుకుంటుంది. యేసుక్రీస్తు సేవకుణ్ని దొర అని పిలిపించిన కాలం అది. అయితే ఆ మనిషి దొరగా పుట్టలేదు. 1836 జూలై 16న న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సామాన్య రైతు కుటుంబంలో పుట్టాడు. బతుకుతెరువు కోసం కుటుంబం పడమటికి, ఇల్లినాయ్‌కి, ఆ తర్వాత అయోవాకి తరలిపోయింది. కుర్రవాడు పదిహేడేళ్ల ప్రాయంలోనే మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ భూమి కొలిచేవాళ్ల దగ్గర గొలుసు మోసే పనికి కుదిరాడు. కొన్నేళ్లకు తానే సర్వేయరయ్యాడు. దేవుడంటే పెద్దగా పట్టింపు లేదు, లాయరు కావాలని కోరిక. 1858లో కాలేజీలో చదువుతున్నప్పుడు ప్రభువును నమ్ముకున్నాడు. అడవిలో మోసిన ఆ గొలుసు తర్వాత తెలుగు దేశంలో వేలమంది ప్రాణాలకు పనికొస్తుందని అప్పుడెవరనుకున్నారు?

ఆయన ఇక్కడికి రావడం వెనుక ఒక పాత బాధ ఉంది. అమెరికన్ బాప్టిస్టులు పంపిన శామ్యూల్ డే గారు 1836లోనే తెలుగువారి మధ్యకు వచ్చారు. ఆయన 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచాయి, ఫలం మాత్రం చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత. ఈ మిషను మూసేద్దామా అని అమెరికాలో ఒకసారి కాదు, మూడుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూవెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు, ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ని పంపమని ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. 1862లో జూవెట్ గారు ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లినప్పుడు మళ్లీ మూసివేత మాట వచ్చింది. ఎవరూ పంపకపోయినా నేనొక్కణ్నే తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యే చనిపోతానని ఆయన పట్టుబట్టాడు. అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఒక మనిషిని వెంట పంపక తప్పదని మిషను కార్యదర్శి చమత్కరించాడట. అలా పాతిపెట్టడానికి దొరికిన మనిషి క్లౌ! 1864 నవంబరు 30న బోస్టన్‌లో ఓడ ఎక్కారు. సూయెజ్ కాలువ ఇంకా తెరవలేదు, అది 1869 మాట. ఆఫ్రికా కొన చుట్టి రావాలి. 1865 ఏప్రిల్‌కి గానీ నెల్లూరు చేరలేదు. వెంట భార్య హారియెట్, పసిబిడ్డ.

నెల్లూరులో ఆయన మొదటి పని భాష. చేతికి అందివచ్చిన సాధనాలు తక్కువేమీ కావు. సి.పి.బ్రౌన్ నిఘంటువు 1852లో అచ్చయింది. కొత్త నిబంధన 1818 నాటికే తెలుగులో ఉంది. పక్కనే జూవెట్ గారి వంటి తెలుగు పండితుడు. ఆనాటి పద్ధతి ప్రకారం ఉదయం నుండి మున్షీ ఎదుట కూర్చుని అచ్చులు, హల్లులు, సంధులు వల్లించాలి. మున్షీలు ఎక్కువగా అగ్రవర్ణాల పండితులు. వాళ్లకు తెలుగంటే గ్రాంథికం. చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చి ఇంకా పదేళ్లు కాలేదు. నోటితో మాట్లాడేదే భాష అని గిడుగు రామమూర్తి పంతులు గారు వాదించడానికి ఇంకా నలభై ఏళ్ల పైన కాలముంది. కాబట్టి కొత్త మిషనరీకి మున్షీ నేర్పేది సంతలో ఎవరూ మాట్లాడని భాష. అది తప్పని మేము అనడం లేదు. మేము సెమినరీలో గ్రీకు నేర్చుకున్నదీ అలాగే, దానితో ఎవరికీ దాహం ఇమ్మని అడగలేము కానీ పౌలు వాక్యం విప్పి చూడగలము. వ్యాకరణం లేకుండా వీధి మాటలతోనే సరిపెట్టుకునే బోధకుడు ఎంతోకాలం నిలబడడు. అయితే వ్యాకరణం దగ్గరే ఆగిపోయినవాడు అసలు బయలుదేరనే లేదు.

క్లౌ స్వభావం ఆగేది కాదు. సర్వే మనిషి కదా, భూమ్మీద నడిస్తేగానీ తోచదు. 1866 మొదట్లోనే జూవెట్ గారితో కలిసి ఒంగోలు వైపు పర్యటనకు వెళ్లాడు. అప్పటికి ఆ దారిలో రైలు లేదు, నెల్లూరు ఒంగోళ్ల మీదుగా రైలు 1899కి గానీ రాలేదు. మద్రాసు నుండి కలకత్తాకు పోయే బాట మీద ఎద్దుబండ్లు, దుమ్ము, చింతతోపుల్లో మజిలీలు. ఆ పర్యటనలోనే ఆయనకు అసలు గురువు ఎదురయ్యాడు. ఆయన పేరు యర్రగుంట్ల పేరయ్య.

పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. ఊరూరా తిరిగి తోళ్లు కొనేవాడు. దేవుణ్ని వెదికే మనిషి. సువార్త వినక ముందే ఒక స్త్రీ గురువు దగ్గర యోగమార్గం అభ్యసించాడు. తానే మరికొందరికి గురువయ్యాడు. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు ఏలూరులో అలెగ్జాండర్ అనే మిషనరీ ద్వారా క్రీస్తును గురించి విన్నాడు. ఒంగోలుకు ఎవరో మిషనరీ వస్తున్నాడని తెలుసుకుని, భార్య నాగమ్మతో కలిసి నడిచి వచ్చాడు. 1866లో జూవెట్ గారి చేతుల మీదుగా ఇద్దరూ బాప్తిస్మం పొందారు. తర్వాత ఊరికి తిరిగి వెళ్లి తనవాళ్లకు తన మాటల్లోనే చెప్పడం మొదలుపెట్టాడు. గమనించండి, మిషనరీ ఆ ఊళ్లో అడుగు పెట్టకముందే సువార్త అక్కడ తెలుగులో, తోళ్లు ఊనేవాళ్ల తెలుగులో, వినబడుతోంది. మిషనరీల కథలు చెప్పేటప్పుడు మనం ఇది మరచిపోతాం. తెల్లవాడు గుర్రం దిగినప్పటి నుండే కథ మొదలైనట్టు చెబుతాం.

1866 సెప్టెంబరు 17న క్లౌ కుటుంబం ఒంగోలులో కాపురం పెట్టింది. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. ఆ వెంటనే పేరయ్య నుండి కబురు: మా వైపు రండి, చాలామంది నమ్మి ఎదురుచూస్తున్నారు. ఒంగోలుకు పడమరగా సుమారు నలభై మైళ్లు, తాళ్లకొండపాడు దగ్గర చింతతోపులో గుడారం వేశారు. చుట్టుపక్కల ఊళ్ల నుండి మాదిగ స్త్రీ పురుషులు అన్నం మూటలు కట్టుకుని, దుప్పట్లు భుజాన వేసుకుని వచ్చి చెట్ల కింద కూర్చున్నారు. అయిదు రోజులు ఉండిపోయారు. తెలుగు నేల మీదకు వచ్చి ఇంకా రెండేళ్లు నిండని మనిషి వాళ్లతో పొద్దుగూకే దాకా మాట్లాడాడు. వాళ్ల ప్రశ్నలు విన్నాడు, మాట అందనిచోట పేరయ్య అందించాడు. జనవరి 20న ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. మున్షీ దగ్గర ఏడాదిన్నరలో రాని తెలుగు ఆ అయిదు రోజుల్లో వచ్చిందని మేము చెబితే అతిశయోక్తి అవుతుంది. అయితే ఆ తెలుగు ఎవరితో మాట్లాడటానికో మాత్రం ఆ చింతల కిందే తేలింది.

తేలిందనుకున్నాడు గానీ, ఒంగోలు తిరిగి వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. ఊళ్లో అగ్రవర్ణాల పెద్దలు ఆయనంటే మర్యాదగానే ఉన్నారు. వాళ్ల పిల్లల కోసం క్లౌ ఒక బడి పెట్టాడు. వాళ్లే ముందుకు వచ్చి సాయం చేశారు. పై కులాలవారు ముందు క్రీస్తును తెలుసుకుంటే కింది వారు వాళ్ల వెనకే వస్తారనేది ఆనాటి చాలామంది మిషనరీల లెక్క. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ గారు 1843లో బడి తెరిచింది ఆ ఆలోచనతోనే. ఆ బడి గొప్ప బడి, అందులో సందేహం లేదు. క్లౌ కూడా అదే దారి పట్టాడు. ఇంతలో తాళ్లకొండపాడు వైపు నుండి మాదిగలు ఒంగోలు రావడం ఎక్కువైంది. ఊరి పెద్దలు చెప్పవలసిన మాట చెప్పేశారు. ఈ జనాన్ని చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారు, మేమూ మీ గుమ్మం తొక్కం.

ఇది చదువుతూ మనం సులభంగా తీర్పు చెప్పేస్తాం. ఆయన స్థానంలో ఒక్క నిమిషం నిలబడి చూడండి. ముప్పై ఏళ్లుగా ఫలం లేదని మూసేయబోయిన మిషను. ఇప్పుడిప్పుడే ఊరి పెద్దలు కలిసి వస్తున్నారు, బడి నిండుతోంది, అమెరికాకు పంపవలసిన నివేదిక బాగుంటుంది. ఇంకోవైపు చదువు రాని, చేతిలో చిల్లిగవ్వ లేని, ఊరి బయటి జనం. ఒకరిని అందుకుంటే ఇంకొకరు పోతారు. ఏం చెయ్యాలి?

క్లౌ ఎటూ తేల్చుకోలేక తన గదిలోకి వెళ్లి చేతికందిన బైబిలు తెరిచాడు. కళ్లు పడినచోటు మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం, ఇరవై ఆరో వచనం నుండి: పిలవబడినవారిలో లోకరీతిగా జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశస్థులు అనేకులు లేరని, లోకం వెర్రివారని, నీచులని అనుకునేవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు గారు చెప్పే భాగం. అదే సమయంలో వేరే గదిలో ఉన్న హారియెట్ కూడా విడిగా బైబిలు తెరిస్తే అదే భాగం వచ్చింది. ఒకరికి తెలియకుండా ఒకరు అదే మాట చదివారని ఇద్దరూ కలిసినప్పుడు తెలిసింది. బైబిలు ఎక్కడ తెరుచుకుంటే అదే దేవుడి జవాబు అనుకునే అలవాటును మేము మామూలుగా మా సంఘంలో ప్రోత్సహించము. దానివల్ల జరిగిన అనర్థాలు కూడా చూశాము. అయినా ఈ ఇద్దరి విషయంలో మాకు అభ్యంతరం కనబడదు, ఎందుకంటే ఆ వచనం వాళ్లకు సుఖమైన దారి చూపలేదు. మరునాటి నుండి వాళ్ల జీవితం కష్టమైంది. బడి ఖాళీ అయింది. మాదిగలకు తలుపు తెరుచుకుంది.

అక్కడి నుండి ఆయన తెలుగు చదువు పూర్తిగా మారిపోయింది. ఇప్పుడు నేర్చుకోవలసింది సంధులు కాదు, ఒక జనం బతుకు. ఎవరు ఎవరికి ఎన్ని జతల చెప్పులు కుట్టాలి, బావి కపిలకు తోలు బాన ఎప్పుడు అతుకువెయ్యాలి, దానికి కళ్లంలో ఎంత ధాన్యం కొలుస్తారు, ఏ జాతరకు డప్పు కొట్టాలి, చచ్చిన పశువు ఎవరి వంతు. ఇవన్నీ తెలియకుండా ఆ ఊళ్లలో క్రైస్తవ జీవితం అంటే ఏమిటో చెప్పడం కుదరదు. ఆయన నమ్మినవారికి పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు. రాసుకుంటే మూడు ముక్కలు. ఆచరిస్తే ఊరి కట్టుబాటు మొత్తం కదిలిపోతుంది. డప్పు కొట్టనివాడికి కళ్లంలో ధాన్యం ఎవరు కొలుస్తారు? కొన్ని ఊళ్లలో బావుల దగ్గరికి రానివ్వలేదు, కొట్టారు, తప్పుడు కేసులు పెట్టారు. నియమం పెట్టిన మిషనరీ ఒంగోలు బంగళాలో ఉంటాడు, దెబ్బలు తిన్నవాడు పల్లెలో ఉంటాడు. క్లౌకి ఇది తెలియకపోలేదు. అందుకే ఏడాదిలో ఎక్కువకాలం గుర్రం మీద, గుడారంలో గడిపాడు. మాదిగ పెద్దల మాట పల్లెలో ఎలా నడుస్తుందో గమనించి, ఆ పెద్దరికాన్నే సంఘ నిర్వహణకు ఆధారం చేసుకున్నాడు. పరాయి పద్ధతి తెచ్చి రుద్దలేదు. హారియెట్ ఇంటి దగ్గర బోధకులకు, ఆడపిల్లలకు చదువు నేర్పింది. ఆమె గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పుకోవలసింది, కానీ మిషనరీ భార్యల కథలు భర్తల కథల్లో ఒక వాక్యంగానే మిగిలిపోయాయి. ఆమె 1893లో కన్నుమూసింది.

1876లో వానలు ముఖం చాటేశాయి. మద్రాసు రాజధానిని రెండేళ్లకు పైగా పీడించిన మహా కరువు అది. తిండి కోసం జనం గుంపులుగా రోడ్లెక్కారు. అప్పుడు ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ ఏం చేశాడో తెలుసా? మూడున్నర మైళ్ల కాలువ పని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిన్నెసోటా గొలుసు ఇప్పుడు బయటికొచ్చింది! రాజుపాలెం దగ్గర శిబిరం వేసి, కొలతలు తానే చూసుకుని, వేలమందిని పనిలో పెట్టాడు. వేరే కాంట్రాక్టర్ల దగ్గర మేస్త్రీలు మాదిగల్ని తిట్టి, కొట్టి, కూలిలో కోతపెట్టేవారు. ఇక్కడ మేస్త్రీలు ఆయన బోధకులే. గంప మోసి అలసిన మనిషి మధ్యాహ్నం కాసేపు చెట్టు కింద కూలబడితే, పక్కన కూర్చున్న మేస్త్రీ అతని ఊరి మాటలో మాట్లాడేవాడు. ప్రయాసపడి భారం మోసేవారిని ప్రభువు తన దగ్గరికి పిలిచిన మాట గంప మోసేవాడికి అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక్కడే ఆయన మీద మచ్చ పడే అవకాశం ఉంది, అది ఆయనకు తెలుసు. కూలి ఇచ్చేవాడే మతమూ ఇస్తే, బియ్యం కోసం చేరారనే మాట రాక తప్పదు. క్లౌ కరువు సాయం జరిగినంతకాలం, అంటే పదిహేను నెలలు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వేలమంది అడుగుతుంటే నిరాకరించాడు. ఆత్మల లెక్క మీద ఇంత నిగ్రహం చూపిన సేవకులు అరుదు. ఈ రోజుల్లో కూటం ముగియకముందే సంఖ్య ప్రకటించే మనకు ఆ పదిహేను నెలలు చాలా పొడుగ్గా కనిపిస్తాయి.

1878 జూన్ నాటికి కాలువ పని అయిపోయింది, సాయం డబ్బూ అయిపోయింది. బోధకులందరినీ ఒంగోలుకు పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మన్నాడు. కొత్తవాళ్లను వెంట తేవద్దని ముందే చెప్పాడు. తేవద్దన్నా వాళ్లు వచ్చేశారు, తోపు నిండిపోయింది. క్లౌ గోడ మీదికెక్కి వాళ్ల ముఖాలు చూశాడు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, తిరిగి వెళ్లిపొండన్నాడు. మాకు డబ్బు వద్దు, కష్టపడి బతుకుతాం, చచ్చిపోతే క్రైస్తవులుగా చచ్చిపోతాం, బాప్తిస్మం ఇవ్వండని వాళ్లు అడిగారు. ఊరూరి పెద్దలతో, బోధకులతో కూర్చుని ఒక్కొక్కరి సంగతి విచారించారు. జూలై 3న ఆ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలసిపోతే మరో ఇద్దరు దిగారు. క్లౌ ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు. ఒడ్డున ఉండి పని సక్రమంగా జరిగేలా చూసుకున్నాడు. ఆ సంవత్సరాంతానికి సంఖ్య 9,606కి చేరింది. మరి కొన్నేళ్లకే ఒంగోలు సంఘ సభ్యులు ఇరవై వేలు దాటారు.

ఈ అంకెలు మా సంఘంలో అందరికీ కంఠతా వచ్చు. మాకు మాత్రం ఆ అంకెల కంటే ఆ ఆరుగురు ముఖ్యం. బాప్తిస్మం పొందుతున్న మనిషి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు తప్పులేకుండా పలికినవాళ్లు వాళ్లు.

క్లౌ పనిలో లోపాలు లేవా? ఉన్నాయి. సంఘాలు చాలావరకు ఒకే కులంలో ఉండిపోయాయి, ఆ గీత ఇప్పటికీ మన ఆరాధనల్లో, మన పెళ్లి సంబంధాల్లో కనబడుతూనే ఉంది. ప్రతిదానికీ దొర వైపు చూసే అలవాటు కూడా అప్పుడే పడింది, దొరలు వెళ్లిపోయాక ఆ కుర్చీలో మనవాళ్లు కూర్చున్నారు. పాస్టరుగా మాక్కూడా అది వర్తిస్తుంది. ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో మాదిగల గురువుల గురించి, వాళ్ల నమ్మకాల గురించి, ఈ తొలి విశ్వాసుల జీవితాల గురించి ఒక పుస్తకం అచ్చువేసింది. అలా పేరయ్య వంటివారి కథ మనకు మిగిలింది. క్లౌ 1910 నవంబరు 24న అమెరికాలోని రాచెస్టర్‌లో చనిపోయాడు. పాతిపెట్టడానికి వచ్చినవాడు జూవెట్ తర్వాత పదమూడేళ్లు బతికి, తెలుగు నేలకు దూరంగా కన్నుమూశాడు. ఒంగోలులో ఇప్పటికీ ఆయన పేరున ఆసుపత్రి, జూవెట్ గారి పేరున చర్చి ఉన్నాయి.

ఇక మా విదేశీ సోదరి సంగతి. ఒక రిటైర్డ్ తెలుగు టీచరమ్మ గారిని కుదిర్చాము. రెండు నెలల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చి, ఒక చిక్కు చెప్పారు. టీచరమ్మ దగ్గర నేర్చుకున్నది వాడుదామని పాశమైలారం వైపు ఒక బస్టాపులో నిలబడి, పక్కనున్న కుర్రవాళ్లను తెలుగులో పలకరించారట. ఒక్కరూ బదులివ్వలేదు. వాళ్లకు తెలుగు రాదు. ఒకడిది ఒడిశా, ఒకడిది బీహారు, మరొకడిది జార్ఖండ్. వచ్చీరాని హిందీలో నవ్వారట. మీ ఊళ్లో ఈ మనుషులు ఇంతమంది ఉన్నారు కదా, వాళ్లతో మీరు ఏ భాషలో మాట్లాడతారు పాస్టర్ గారూ అని మామూలుగా అడిగారావిడ.

మా చర్చిలో వెనుక బెంచీలో ముగ్గురు ఒడియా యువకులు రెండేళ్లుగా కూర్చుంటున్నారు. పాటలప్పుడు చప్పట్లు కొడతారు, ప్రసంగమప్పుడు తల వంచుకుని తమ బైబిలు చదువుకుంటారు. కానుక వేస్తారు, వెళ్లిపోతారు. వాళ్లకు మేము హిందీలో కుశలం అడిగి, ప్రార్థిస్తామని చెప్పి పంపేవాళ్లం. మొన్న ఎండాకాలంలో ఒకడు రెండు నెలలు కనబడలేదు, చేతికి యంత్రం తగిలి గాయమై ఊరెళ్లాడని మిగతా ఇద్దరూ చెప్పబోతే అది మాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అప్పటికే అతడు తిరిగొచ్చేశాడు. గాయపడ్డ రోజు రాత్రి అతనితో ఆసుపత్రిలో ఎవరున్నారో మేము అడగలేదు. క్లౌ మీద ప్రసంగాలు మాత్రం నాలుగైదు చేసి ఉంటాము.

పోయిన ఆదివారం ఆరాధన కాగానే గుమ్మం దగ్గరికి వెళ్లకుండా వెనుక బెంచీ దగ్గరికి వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాము. జేబులో చిన్న నోటు పుస్తకం, పెన్ను పెట్టుకున్నాము. ముందుగా వాళ్ల ఊళ్ల పేర్లు అడిగాము. చేతికి గాయమైన అబ్బాయి తన ఊరి పేరు చెప్పాడు, మేము తిరిగి పలికాము. కాదన్నట్టు తల ఊపి మళ్లీ చెప్పాడు. మళ్లీ పలికాము. పక్కవాడు నవ్వాపుకోలేక ముఖం తిప్పుకున్నాడు. మూడోసారి ఆ అబ్బాయి మా చేతిలోంచి పెన్ను తీసుకుని, మా పుస్తకంలో తన అక్షరాలతో ఆ పేరు రాసి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివించాడు.